ఇంట్లో కారు చార్జింగ్: వోల్టేజీ భయాలు, అసలు సంగతులు

హనుమకొండ, కాజీపేట, హసన్‌పర్తి వైపు ఇళ్లకు వైరింగ్ చేస్తుంటాను. ఈమధ్య ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ పాయింట్ల పని పెరిగింది. పోయిన ప్రతి ఇంట్లో ఒకటే టెన్షన్: "అన్నా, మా లైన్ల వోల్టేజీ ఊకె ఎక్కువ తక్కువైతది. బ్యాటరీ ఖరాబైతదా?"

అపోహ: లో వోల్టేజీకి బోరు మోటారు కాలినట్టే కారూ పాడవుతుంది.

ఈ భయం ఎక్కడిదో నాకు తెలుసు. యాసంగిలో మోటార్లన్నీ ఒక్కసారే నడిస్తే లైను చివరి ఇళ్లలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టొచ్చు. వోల్టేజీ పడితే మోటారు కరెంటు ఎక్కువ లాగి, వైండింగ్ వేడెక్కి కాలుతుంది. నిజమే. కానీ సాకెట్‌లోని ఏసీ కరెంటు నేరుగా కారు బ్యాటరీకి చేరదు. కారులో ఉన్న చార్జర్ దాన్ని బ్యాటరీకి పనికొచ్చే డీసీ కరెంటుగా మార్చి, కావాల్సినంతే ఇస్తుంది. మామూలు 15 ఆంపియర్ల కేబుల్ ఆ హద్దు దాటి లాగనివ్వదు. 230 వోల్టులకు సుమారు 3.45 కిలోవాట్లు వెళ్తే, 190కి 2.85 వెళ్తాయి. చార్జింగ్ ఆలస్యమవుతుంది, అంతే. మరీ పడిపోతే చార్జరే ఆపుకుంటుంది.

అపోహ: పెద్ద స్టెబిలైజర్ పెడితే నిశ్చింత.

రిలే స్టెబిలైజర్ (లోపలి స్విచ్చులు మారుస్తూ వోల్టేజీ సరిచేసేది) టక్కుమన్నప్పుడల్లా సరఫరా ఒక్క క్షణం తెగుతుంది. చార్జింగ్ ఆగుతూ నడుస్తుంది. ఆ డబ్బుతో డీబీ (ఇంట్లో ఎంసీబీలుండే డబ్బా) నుంచి కారు కోసమే 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగించి, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల టైప్ ఏ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు), ఓవర్-అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించుకోండి.

అపోహ: గది చల్లబరిచే ఏసీ నడిచిన సాకెట్ కారుకీ సరిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. ఏసీ కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుంది. కారు ఏడెనిమిది గంటలు ఆగకుండా 15 ఆంపియర్లు లాగుతుంది. ఒక ఇంట్లో ప్లగ్గు పీకి చూస్తే ఒక పిన్ను గోధుమ రంగుకు తిరిగింది, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి కుంగింది. వెనక చూస్తే స్క్రూ లూజు. లూజు జాయింట్‌లో ఓమ్‌లో పదో వంతు రెసిస్టెన్స్ ఉన్నా 15 ఆంపియర్లకు 22.5 వాట్ల వేడి పుడుతుంది. అంటే దాదాపు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ను రాత్రంతా గోడలో పెట్టి ఉంచినట్టు. మొదటిసారి గంట చార్జింగ్ అయ్యాక స్విచ్ ఆపి, ప్లగ్గు ఒంటిని పట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేకపోతే ఆ సాకెట్ వాడొద్దు.

అపోహ: ఎర్త్ లేక చార్జర్ ఎర్ర లైటు చూపిస్తే, సాకెట్‌లో ఎర్త్‌కు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కలిపితే చాలు.

కొందరు పనివాళ్లే ఇలా చేసి పోతున్నారు. దయచేసి ఒప్పుకోకండి. రేపు వెనక ఎక్కడో న్యూట్రల్ తెగితే, ఇంట్లో నడుస్తున్న వస్తువుల గుండా వచ్చే కరెంటు ఆ వైరు మీదుగా కారు బాడీకి ఎక్కుతుంది. వాకిట్లో తడి కాళ్లతో పిల్లలు డోరు పట్టుకుంటారు. మన ఎండాకాలంలో నేల ఎండి ఎర్త్ గుంత పనితనం తగ్గుతుంది, అప్పుడప్పుడు నీళ్లు పొయ్యాలి. పాత గుంత అయితే కొత్తది వేయించాలి.

అపోహ: హెచ్చుతగ్గులన్నీ ఒకటే.

కావు. ఒక గదిలో బల్బు మామూలుకన్నా మండిపోతూ, ఇంకో గదిలో మసకబారితే త్రీఫేజ్ (మూడు కరెంటు వైర్లు వచ్చే) ఇంట్లో న్యూట్రల్ లూజైందని అనుమానించాలి. అప్పుడు కొన్ని పాయింట్లలో వోల్టేజీ 300 కూడా దాటొచ్చు. టీవీ, ఫ్రిజ్‌తో పాటు కారు చార్జర్‌కూ ముప్పే. చార్జింగ్ ఆపి, మెయిన్ ఆఫ్ చేసి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. స్తంభం మీది జాయింట్ లైన్‌మన్ బిగించాక, ప్రతి ఫేజ్‌లో మీటర్‌తో చూసి 230 దగ్గర ఉందని తేలాకే కారుకు మళ్లీ ప్లగ్గు పెట్టండి.