మెట్రో వస్తోందట, కొనేయమంటారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను రవాణా ప్లానర్‌ని. జంక్షన్లలో బండ్లు, మనుషులు లెక్కపెట్టించడం, స్టేషన్‌కి జనం ఏ సందులోంచి నడిచి వస్తున్నారో చూడటం, వాటితో రిపోర్టులు రాయడం నా ఉద్యోగం. కానీ పెళ్లి భోజనాల దగ్గరా, అపార్ట్‌మెంట్ లిఫ్టులోనూ, ఆఖరికి పంటి డాక్టర్ దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు కూడా నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు. "మావైపు మెట్రో వస్తోందట, కొనేయమంటారా?" ఇది స్థలం కొనాలనుకునేవాళ్లది. "మా గల్లీలో ఎవరో మార్కింగ్ చేసి పోయారు, ఇల్లు పోతుందా?" ఇది ఇల్లు ఉన్నవాళ్లది. మొదటివాళ్లు తొందరపడి ఎక్కువకు కొంటారు, రెండోవాళ్లు భయపడి తక్కువకు అమ్ముకుంటారు. ఇద్దరికీ ఆ వార్త మోసుకొచ్చింది చాలాసార్లు ఒకే బ్రోకర్. అందుకే ఇక్కడ ఎక్కువగా ఈ రెండింటి గురించే రాస్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: "శంకుస్థాపన కూడా అయిపోయింది. ఇక మెట్రో ఆగదు, ఇప్పుడు కొంటేనే లాభం."

వాస్తవం: ఆగుతుంది. దారి కూడా మారుతుంది. మన హైదరాబాద్‌లోనే మారింది.

రాయదుర్గం నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ మెట్రో గుర్తుందా? 2022 డిసెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. అంచనా 6,250 కోట్లు. సర్వే చేశారు, మట్టి పరీక్షలు చేశారు, 2023లో టెండర్లు పిలిచారు, పెద్ద కంపెనీలు బిడ్లు కూడా వేశాయి. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ అలైన్‌మెంట్‌ను, అంటే ఆ దారిని, పక్కన పెట్టించారు. తర్వాత తయారైన ప్రతిపాదనలో ఎయిర్‌పోర్టు లైను నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్తుంది. ప్లానర్‌గా నా ఓటు రెండోదానికే. ఇప్పటికే జనం కిక్కిరిసి ఉన్నచోట రైలు నడవాలి గానీ, రేపు వస్తారనుకునేవాళ్ల కోసం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కాదు. కానీ మొదటి దారిలో ఉన్న నార్సింగి, రాజేంద్రనగర్ వైపు "స్టేషన్ పక్కనే" అన్న మాట నమ్మి గజానికి అదనంగా పోసినవాళ్లకు నా ఓటుతో ఏం పని?

మా చిన్నాన్న కొడుకు అలా పోసినవాడే. బ్రోచర్‌లో స్టేషన్ బొమ్మ, రైలు బొమ్మ, చెట్ల కింద నడుస్తున్న కుటుంబం. బుక్ చేశాక నాకు ఫోన్ చేశాడు, ముందు కాదు. ఇప్పుడు ఒకచోట అద్దె, ఇంకోచోట ఈఎంఐ, రోజూ బైక్ మీద సర్వీస్ రోడ్డు. ఏ పండక్కి కలిసినా పక్కకు తీసుకెళ్లి, "మళ్లీ మావైపు తిప్పుతారంటావా అక్కా?" అని అడుగుతాడు. వాడిని చూస్తే కోపం రాదు. ఆ బ్రోచర్ అచ్చేసినవాళ్ల మీద వస్తుంది.

పాతబస్తీది దీనికి తిరగేసిన కథ. ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) నుంచి ఫలక్‌నుమా దాకా 5.5 కిలోమీటర్లు మొదటి దశ ప్లాన్‌లోనే ఉంది. ఆ దశ కట్టే ఒప్పందం 2010 నాటిది. మూడు కారిడార్లలో (లైన్లలో) మిగతాదంతా లేచింది, ఆ ముక్క లేవలేదు. 2024 మార్చిలో దానికి శంకుస్థాపన చేశారు. పుట్టిన పిల్లాడు ఇంటర్‌కి దగ్గరపడేంత కాలం ఒక గీత కాగితం మీదే ఉండిపోయింది.

సరే, కట్టడం పూర్తయినదానికైనా ఎంతకాలం పట్టిందో చూడండి. 2010 సెప్టెంబర్‌లో ఒప్పందం. 2017 నవంబర్‌లో నాగోలు - మియాపూర్ మధ్య మొదటి రైలు. ఎల్బీనగర్ దాకా 2018లో, హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలో, రాయదుర్గం ఆ ఏడాది చివర్లో, జేబీఎస్ - ఎంజీబీఎస్ 2020 ఫిబ్రవరిలో. అంటే 69 కిలోమీటర్లు పూర్తి కావడానికి తొమ్మిదేళ్లు దాటింది. అది కూడా ఒప్పందం అయ్యాక. డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) దశలో కొన్నవాళ్లు ఇంకా వెనక నుంచి లెక్క మొదలుపెట్టుకోవాలి.

డీపీఆర్ అనగానే పని అయిపోయినట్టు మాట్లాడతారు. డీపీఆర్ ఒక ప్రతిపాదన, అంతే. రెండో దశ సంగతి తీసుకోండి. 2024లో రాష్ట్రం కేంద్రానికి పంపింది ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. ఆ డబ్బులో రాష్ట్రానిది 30 శాతం, కేంద్రానిది 18 శాతం, దాదాపు సగం అప్పు. కేంద్రం ఒప్పుకోవాలి, హామీ ఇవ్వాలి, అప్పిచ్చేవాళ్లు కుదరాలి, టెండర్ తేలాలి, భూమి చేతికి రావాలి. ఇందులో ఏ ఒక్కటి ఆగినా మీ వెంచర్ పక్కన స్టేషన్ ఆగుతుంది.

విశాఖ, విజయవాడ చుట్టాలు అప్పుడప్పుడూ "మాకు చట్టంలోనే రాశారు" అంటారు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో రాసింది సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని. కట్టి తీరాలని కాదు. ఆ ఒక్క మాట వదిలేసి చదివి ఎంతమంది మధురవాడలో ప్లాట్లు కొన్నారో!

నన్నడిగితే నమ్మదగ్గ గుర్తు ఒకటే. కాంట్రాక్టర్‌కు పని అప్పగించి, మీరు చూస్తున్న స్థలం దగ్గర రోడ్డు మధ్యలో బారికేడ్లు పెట్టడం. "అప్పటికి రేటు పెరిగిపోతుంది కదండీ" అంటారు. పెరుగుతుంది. కానీ ఈరోజు మీకు చెబుతున్న రేటులో కూడా రాని మెట్రో ధర కలిపే ఉంది. అది తీసేసి బేరమాడండి. ఈ ఇల్లు మెట్రో అసలు రాకపోయినా నాకు పనికొస్తుందా అని మిమ్మల్ని మీరే అడగండి. పనికొస్తే కొనుక్కోండి, మధ్యలో నన్ను అడగక్కర్లేదు.

అపోహ: "స్టేషన్‌కి 500 మీటర్లే. నడిచిపోవచ్చు."

వాస్తవం: 500 మీటర్లు కాకికి. మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం అది. మధ్యలో నాలా ఉంటుంది, రైల్వే ట్రాక్ ఉంటుంది, మిలిటరీ గోడ ఉంటుంది, గేటెడ్ కమ్యూనిటీ ప్రహరీ ఉంటుంది. వెనక గేటు ఉన్నా తాళం వేసి ఉంటుంది. వీటన్నిటినీ చుట్టుకుని నడిస్తే 500 కాస్తా సులువుగా కిలోమీటరు అవుతుంది. మామూలు నడకలో కిలోమీటరుకి 12 నుంచి 15 నిమిషాలు. ఎండాకాలంలో లాప్‌టాప్ బ్యాగుతో ఆ కిలోమీటరు ఎంతమంది నడుస్తారో నా సర్వేల్లో చూస్తూనే ఉంటాను. మొదటి వారం నడుస్తారు, రెండో వారం షేర్ ఆటో, నెల తిరిగేసరికి స్కూటీ. ఇక స్కూటీ తీశాక స్టేషన్ దాకా మాత్రమే ఎందుకని నేరుగా ఆఫీసుకే పోతారు.

పేర్లు చూసి కూడా మోసపోతారు. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ సైబర్ టవర్స్ దగ్గర ఉంది. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు వైపు ఉంది. రెండింటికీ పేరు ఒకటే, మధ్యలో కిలోమీటర్ల దూరం. "హైటెక్ సిటీ స్టేషన్ ఎదురుగా" అన్న ప్రకటన చూస్తే ఏ స్టేషనో ముందు అడగండి.

కొనేముందు గానీ అద్దెకు దిగేముందు గానీ, ఆ ఇంటి గేటు నుంచి ప్లాట్‌ఫాం దాకా నడవండి. పొద్దున 9కి ఒకసారి, రాత్రి 8 దాటాక ఒకసారి. వీలైతే వాన పడిన మర్నాడు, ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని. లైట్లు వెలుగుతున్నాయా, కుక్కలు ఎక్కడున్నాయి, రోడ్డు దాటడానికి ఎంతసేపు నిలబడ్డారు, ఫుట్‌పాత్ ఎక్కడ మాయమైంది... ఇవన్నీ బ్రోచర్‌లో ఉండవు. రాత్రిపూట ఆడపిల్ల ఒక్కతే నడవలేని దారి ఆ ఇంటికి దారి లేనట్టే లెక్క. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక టీ డబ్బులు. లక్షలు పోసేవాళ్లు దీనికి ఎందుకు బద్ధకిస్తారో నాకు అంతుపట్టదు.

అపోహ: "గోడ మీద ఎర్ర పెయింట్ వేశారంటే ఇల్లు పోయినట్టే."

వాస్తవం: కాస్త ఊపిరి పీల్చుకోండి. సర్వేవాళ్లు వేసే గుర్తుల్లో చాలావాటికి మీ ఇంటితో సంబంధమే ఉండదు. "టీబీఎం" అని రాసి, చిన్న బాణం వేసి ఉంటే అది నేల ఎత్తు కొలుచుకోవడానికి పెట్టుకున్న తాత్కాలిక గుర్తు. కదలని వస్తువు మీద వేయాలి కాబట్టి మంచి గట్టి గోడ చూసి వేస్తారు. అంటే మీ గోడ గట్టిదని మెచ్చుకున్నట్టు! రోడ్డు పొడవునా వరసగా అంకెలు ఉంటే అది చైనేజీ, రోడ్డు మొదలు నుంచి ఎంత దూరం వచ్చారో రాసుకున్న లెక్క.

ఓసారి ఒక పాత కాలనీలో సర్వే అయిన వారానికి మళ్లీ వెళ్తే, ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. భర్త పోయారు, పిల్లలు దూరంగా ఉన్నారు. టీబీఎం గుర్తు చూసి నిద్రపోవడం మానేసిందట. అప్పటికే ఒకాయన వచ్చి, "నోటిఫికేషన్ అయిపోయిందమ్మా, పోతే ఏమీ రాదు, ఎంతో కొంతకి నాకు ఇచ్చేయండి" అని అడ్వాన్స్ కూడా చూపించాడు. అదృష్టం, సంతకం పెట్టలేదు.

ఇక్కడ ఒక్క విషయం తెలిసి ఉంటే ఆయన అబద్ధం అక్కడికక్కడే తేలిపోయేది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమిని అమ్మడం, తాకట్టు పెట్టడం కుదరదు. ప్రత్యేక కారణాలుంటే కలెక్టర్ అనుమతి కావాలి. నోటిఫికేషన్ నిజంగా వచ్చి ఉంటే ఆయన కొనలేడు. కొంటానంటున్నాడంటే రాలేదన్నమాట, లేదా ఆయనకు చట్టం తెలియదన్నమాట.

నిజమైన నోటిఫికేషన్ గోడ మీద రాదు. గెజిట్‌లో, రెండు పత్రికల్లో వస్తుంది, అందులో ఒకటి స్థానిక భాషది అయి ఉండాలి. స్థానిక ఆఫీసుల్లోనూ పెడతారు. అందులో సర్వే నంబరు ఉంటుంది. అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు ఉంటాయి, రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటితో చెప్పి వచ్చి "చెప్పానండీ" అంటే లెక్కలోకి రాదు. పరిహారం మార్కెట్ విలువకు తోడు అంతే మొత్తం సొలేషియంగా, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఊరటగా, కలుస్తుంది. భయపడి ముందే అమ్ముకున్నవాళ్లు ఆ రెండో వంతు కొన్నవాడి జేబులో పెట్టినట్టే. ఇంకో చేదు మాట: మార్కెట్ విలువ కట్టేటప్పుడు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువతో పాటు చుట్టుపక్కల రిజిస్టరైన ధరలు చూస్తారు. అందరూ కలిసి తక్కువకు రిజిస్ట్రేషన్ చేయించుకున్న కాలనీలో ఆ పొదుపంతా ఆరోజు తిరిగి కట్టాల్సి వస్తుంది.

మున్సిపాలిటీ రోడ్డు వెడల్పు చేస్తే పద్ధతి వేరు. డబ్బుకు బదులు టీడీఆర్ (వేరేచోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో ఇచ్చే హక్కు పత్రం) తీసుకోమని మిమ్మల్ని అడగొచ్చు. అక్కడ కూడా చేతికి నోటీసు రానిదే దేనిమీదా సంతకం వద్దు. వచ్చాక లాయర్ దగ్గరికి వెళ్లండి, బ్రోకర్ దగ్గరికి వద్దు.

ఇక మిగతావి.

"ఫ్లైఓవర్ వేస్తే ట్రాఫిక్ పోతుంది." తర్వాతి జంక్షన్‌కి పోతుంది. రోడ్డు ఖాళీ అయిందని తెలియగానే బస్సులో వెళ్లేవాళ్లు బండి తీస్తారు, వేళ మార్చుకున్నవాళ్లు పాత వేళకే బయల్దేరతారు. హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉన్న మనవాళ్లను అడగండి. అక్కడి ఫ్రీవేని 2008 నాటికి, సర్వీస్ రోడ్లతో కలిపి, కొన్నిచోట్ల 26 లేన్ల దాకా పెంచారు. కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణం మళ్లీ పెరిగింది.

"మనవాళ్లు నడవరు, ఫుట్‌పాత్ దండగ." బస్సు దిగిన ప్రతివాడూ నడుస్తాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పేది కనీసం 1.8 మీటర్లు ఏ అడ్డూ లేని వెడల్పు, 150 మిల్లీమీటర్లు మించని ఎత్తు. మనం మోకాలెత్తున కట్టి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, జనం రోడ్డు మీద నడుస్తున్నారని తిడతాం.

"ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడితే చాలు." కింద లారీ పోవాలి కాబట్టి ముప్పైకి పైగా మెట్లు ఎక్కాలి, అన్నీ దిగాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎక్కదు, డివైడర్ దాటుతుంది. ఉప్పల్‌లో 2023లో కట్టినలాంటి స్కైవాక్ వేరు. అన్ని వైపుల రోడ్లను, మెట్రోని కలుపుతుంది, లిఫ్టులు ఉన్నాయి. పెద్ద జంక్షన్‌కి అది సరే. మామూలు రోడ్డుకి కావలసింది నేల మీద సిగ్నల్, జీబ్రా గీతలు, బండి ఆపే పోలీసు.

"బస్సు డబ్బులేనివాళ్లది, మెట్రో వచ్చేదాకా ఎలాగోలా సర్దుకుందాం." 2023 డిసెంబర్ నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కూడా. అయినా ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బస్టాప్ వైపు చూసేవాళ్లు నాకు కనబడరు. పనిరోజు పొద్దున 8.30 నుంచి 9.30 దాకా అక్కడ నిలబడి, మీ ఆఫీసు వైపు వెళ్లే బస్సులు ఎన్ని వచ్చాయో, వాటిలో ఎక్కడానికి వీలున్నవి ఎన్నో రాసుకోండి. గంటకు నాలుగు కూడా లేకపోతే ఆ ఇంటి అద్దెలో ఒక స్కూటీ ఈఎంఐ, పెట్రోలు కలుపుకుని అప్పుడు పక్క ఏరియా అద్దెతో పోల్చండి.