మొదటి రివాల్వర్ కొనబోయే మా పిల్లలకు

పెద్దోడికీ, అమ్మడికీ, ఈ ఉత్తరం చదివే మిగతా పిల్లలకీ పెదనాన్న ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర మీరిద్దరూ అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. మీ పెద్దమ్మ గారెలు వేస్తోంది, చిన్నపిల్లలు చుట్టూ తిరుగుతున్నారు, ఆ సందట్లో తుపాకుల మాట ఎత్తడం నాకు ఇష్టం లేకపోయింది. సింగిల్ యాక్షన్ రివాల్వర్ కొనాలని ఉంది, పేపర్ టార్గెట్‌కీ పనికిరావాలి, టెక్సస్‌లో జింకల సీజన్‌కీ పనికిరావాలి, ఏది కొనమంటారు అని కదా అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను: మొదటిది .22 అనే చిన్న తూటా కాల్చేది కొనండి, దాంతో ఒక ఏడాది కాల్చండి, ఆ తర్వాతే వేట తుపాకీ సంగతి చూద్దాం. ఎందుకలా అంటున్నానో చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

అంతకంటే ముందు చట్టం గురించి. పెద్దోడా, నువ్వు ఇక్కడే పుట్టావు, ఇరవై రెండేళ్ళు నిండాయి, షాపులో 4473 ఫారం నింపి బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయితే నీకు అమ్ముతారు. అమ్మడూ, నీ సంగతి వేరు. నువ్వు స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ ఒక్క తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, షూటింగ్ రేంజ్‌లో గంటసేపు అద్దెకి తీసుకున్నా సరే. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. హెచ్ వన్ బీ వాళ్ళకీ ఇదే. మన పిల్లలు చాలామందికి ఇది తెలియదు, ఫ్రెండ్స్‌తో సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు పెట్టేస్తుంటారు, చూసినప్పుడల్లా నాకు టెన్షన్. కాబట్టి నువ్వు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యి, లైసెన్స్ తీసుకో, ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడు, అప్పటిదాకా రేంజ్‌కి వచ్చినా తుపాకీ ముట్టుకోవద్దు. ఆ కోర్సు పెద్దోడూ చెయ్యాల్సిందే. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టి టెక్సస్‌లో వేటాడేవాళ్ళందరికీ అది ఉండాలి.

ఇంక అసలు విషయానికి వస్తాను. సింగిల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, ఎత్తి ఉన్న హ్యామర్‌ని, అంటే వెనకుండే సుత్తి లాంటి ముక్కని, వదలడం. హ్యామర్‌ని ప్రతిసారీ మనమే బొటనవేలితో వెనక్కి లాగాలి, అప్పుడు సిలిండర్, అంటే తూటాలు పెట్టే గదులున్న చక్రం, ఒక గది తిరుగుతుంది. డబుల్ యాక్షన్‌లో అయితే ట్రిగ్గర్ ఒక్కటే ఆ రెండు పనులూ చేస్తుంది. తూటాలు నింపడం కూడా నిదానమే. సిలిండర్ పక్కకి ఊడి రాదు, కుడివైపు చిన్న తలుపు లాంటిది తెరిచి ఒక్కొక్కటే పెట్టాలి, కాల్చాక ఖాళీ గొట్టాలు కూడా కడ్డీతో ఒక్కొక్కటే తోసి తియ్యాలి. చాలామంది దీన్ని లోపం అంటారు. నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి గురువు లేదని నా నమ్మకం. తొందరపడదామన్నా తొందరపడనివ్వదు, ప్రతి తూటాకీ ఒక నిర్ణయం తీసుకోవాల్సిందే.

ఈ రకానికి తాత లాంటిది కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ, 1873లో అమెరికా సైన్యం తీసుకుంది. శామ్యూల్ కోల్ట్ అప్పటికి పోయి పదకొండేళ్ళు. చేతికి అంత అందంగా ఒదిగే తుపాకీ మళ్ళీ రాలేదనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నాకూ అది పట్టుకుంటే అలాగే అనిపిస్తుంది. కానీ దాని ఫైరింగ్ పిన్, అంటే తూటాని కొట్టి పేల్చే మొన, హ్యామర్‌కే ఉంటుంది. ఆరు గదులూ నింపి హ్యామర్ దించితే ఆ మొన తూటా మీద కూర్చుంటుంది, తుపాకీ జారి కింద పడితే పేలిపోవచ్చు. అందుకే పాతకాలం వాళ్ళు ఐదే నింపేవారు: ఒకటి పెట్టి, ఒక గది వదిలి, నాలుగు పెట్టి, హ్యామర్ పూర్తిగా ఎత్తి నెమ్మదిగా దించితే ఖాళీ గది దాని కిందికి వస్తుంది. అదే పద్ధతిలో ఇటలీ కంపెనీలు చేసే నకళ్ళు కొంటే మీరూ ఐదే నింపండి.

విలియం రూగర్ 1953లో సింగిల్ సిక్స్ అనే .22 తెచ్చాడు, 1955లో .357 మాగ్నమ్ అనే బలమైన తూటాకి బ్లాక్‌హాక్ అనే రివాల్వర్ వచ్చింది. 1973లో ఆ కంపెనీ లోపలి యంత్రాంగమే మార్చేసింది. ఫైరింగ్ పిన్ ఫ్రేమ్‌లో ఉంటుంది, హ్యామర్ దాన్ని నేరుగా తాకదు, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడు మాత్రమే మధ్యలో ఒక చిన్న ఉక్కు ముక్క పైకి లేచి దెబ్బని అందిస్తుంది. దాన్నే ట్రాన్స్‌ఫర్ బార్ అంటారు. న్యూ మోడల్ అని రాసి ఉన్నవన్నీ ఇవే, వీటిలో ఆరూ నింపుకోవచ్చు. పాత సామాన్ల షాపుల్లో ఫ్రేమ్ పక్కన మూడు స్క్రూలు కనబడే పాత రూగర్లు దొరుకుతాయి. వాటిని మార్చకుండా ఉంచితే అవీ ఐదు తూటాల తుపాకులే, అమ్మేవాడు ఏం చెప్పినా సరే.

.22 ఎందుకో ఇప్పుడు చెబుతాను, ఇది నా సొంత అనుభవం. నేను మొదట కొన్నది ఏడున్నర అంగుళాల బారెల్ ఉన్న .44 మాగ్నమ్. ఏ కంపెనీదన్నది అనవసరం, ఎంచుకోవడంలో తప్పు నాది. మొదటి రోజు ఇరవై తూటాలు కాల్చేసరికి ట్రిగ్గర్ గార్డ్ వెనక అంచు మధ్యవేలి కణుపుకి తగిలి రక్తం వచ్చింది. అది రెండు రోజుల్లో మానిపోయింది. మానని దెబ్బ వేరే ఉంది, ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే నా చెయ్యి ఉలిక్కిపడటం నేర్చుకుంది. శబ్దం కోసం, తన్ను కోసం ఒళ్ళు ముందే బిగుసుకుంటుంది, బారెల్ కిందికి వంగుతుంది, తూటా ఎక్కడో పడుతుంది. అలా ఉండగానే ఆ డిసెంబర్‌లో టెక్సస్‌లోని లానో ఊరి దగ్గర వేటకి అద్దెకి తీసుకున్న ఒక స్థలంలో డెబ్భై గజాల్లో ఉన్న ఆడజింక మీద కాల్చాను. పొట్టలో తగిలింది. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాటేదాకా టార్చ్ లైటుతో రక్తపు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను, దొరికేసరికి అది ఇంకా బతికే ఉంది. ఆ కళ్ళు నేను మర్చిపోలేదు. మీకు ఆ రాత్రి రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఆ తర్వాత పెద్దది లోపల పెట్టేసి సింగిల్ సిక్స్ కొనుక్కున్నాను. ఆ ఉలికిపాటు పోవడానికి ఏడాది పైనే పట్టింది. మా రేంజ్‌లో ఒక పెద్దాయన చెప్పిన కిటుకు ఇది: ఆరు గదుల్లో నాలుగింట్లో తూటాలు, రెండింట్లో కాల్చేసిన ఖాళీ గొట్టాలు పెట్టి, చూడకుండా సిలిండర్ తిప్పి కాల్చడం. ఖాళీ గొట్టం మీద హ్యామర్ పడినప్పుడు బారెల్ చివర గురి చూసుకునే ముందు సైట్ కదిలితే దొంగ దొరికినట్టే. ఇంకొకటి, ఈ తుపాకుల హ్యామర్ బరువైనది, చాలా దూరం నుంచి వచ్చి పడుతుంది. ట్రిగ్గర్ నొక్కాక కూడా ఆ కాస్త సమయం గురి కదలకుండా నిలబెట్టడం రావాలి. సింగిల్ యాక్షన్‌తో గురి కుదిరినవాడు తర్వాత ఏ తుపాకీ పట్టుకున్నా ఇబ్బంది పడడు.

.22లో రెండు సిలిండర్లతో వచ్చేవి ఉన్నాయి, ఒకటి మామూలు లాంగ్ రైఫిల్ తూటాకి, ఇంకోటి .22 మాగ్నమ్‌కి. అలాంటిదే తీసుకోండి. మాగ్నమ్ సిలిండర్‌లో మామూలు తూటా మాత్రం పెట్టొద్దు, గది వెడల్పు ఎక్కువ, గొట్టం ఉబ్బి పగిలిపోతుంది. సైట్లు తప్పకుండా స్క్రూతో తిప్పి సర్దుకునేవి ఉండాలి. పాత కోల్ట్ పద్ధతిలో ఫ్రేమ్ మీద గాడి మాత్రమే ఉన్నవి చూడ్డానికి బాగుంటాయి, కానీ తూటా మార్చినప్పుడల్లా ఎక్కడ తగులుతుందో కూడా మారుతుంది, దాన్ని సర్దుకునే దారి ఉండదు. దీంతో కుందేళ్ళూ ఉడతలూ వేటాడొచ్చు. తెల్లతోక జింకని మాత్రం టెక్సస్‌లో రిమ్‌ఫైర్ తూటాతో, అంటే .22 లాగా అడుగు అంచు మీద కొడితే పేలే తూటాతో, కొట్టడం చట్టవిరుద్ధం, .22 మాగ్నమ్ అయినా అంతే.

ఏడాది తర్వాత వేటకి పెద్దది. ఇక్కడ మీరు మూడు పేర్లు వింటారు. .357 మాగ్నమ్ 1935లో వచ్చింది, తన్ను తక్కువ, అందులోనే చవకైన .38 స్పెషల్ అనే పొట్టి తూటా కూడా కాల్చుకోవచ్చు. దగ్గర దూరంలో, మంచి గట్టి తూటాతో, హిల్ కంట్రీ అనే మధ్య టెక్సస్ కొండప్రాంతపు జింకకి సరిపోతుంది, అడవిపందికి నేను నమ్మను. .44 మాగ్నమ్ 1955 నాటిది, 240 గ్రెయిన్ల బరువున్న తూటా, జింకకీ పందికీ రెండింటికీ చాలు, అందులో .44 స్పెషల్ పెట్టి మెత్తగానూ కాల్చుకోవచ్చు. ఒక్కటే కొంటాను అనేవాడికి నేను ఇదే చెబుతాను. మూడోది .45 కోల్ట్, 1873 నాటి తూటానే. నాకు మనసుకి దగ్గరైనది ఇదే కానీ ఒక్క జాగ్రత్త ఉంది. కొన్ని తూటాల డబ్బాల మీద బ్లాక్‌హాక్ లాంటి బలమైన తుపాకులకే అని రాసి ఉంటుంది. వాటిని పాత కోల్ట్‌లో గానీ దాని నకళ్ళలో గానీ కాలిస్తే సిలిండర్ పగిలి చేతులు పోతాయి. తూటా లోపలికి వెళ్ళినంత మాత్రాన ఆ తుపాకీకి అది సరిపోయినట్టు కాదు.

మాగ్నమ్ తుపాకీలో పొట్టి స్పెషల్ తూటాలు ఎక్కువగా కాలిస్తే గదుల్లో మసి రింగులా పేరుకుంటుంది, మాగ్నమ్ పెట్టే ముందు బ్రష్‌తో తోమండి.

పిడి విషయంలో మీ చెయ్యి చెప్పినట్టు వినండి, నా మాట కూడా కాదు. పాత కోల్ట్ పిడి నాగలి మేడి లాగా వంపు తిరిగి ఉంటుంది. కాల్చినప్పుడు అది అరచేతిలో పైకి దొర్లుతుంది, అలా దొర్లనివ్వడమే పద్ధతి, బిగించి ఆపితే మణికట్టుకి దెబ్బ. బిస్లీ అనే ఇంకో రకం పిడి నిటారుగా ఉంటుంది, ఆ పేరు ఇంగ్లండ్‌లోని షూటింగ్ మైదానం నుంచి వచ్చింది, గట్టి తూటాలకి చాలామందికి అదే హాయి. అమ్మడూ, నీ చేతులు చిన్నవి, రెండూ పట్టుకుని హ్యామర్ లాగి చూడు, బొటనవేలు అందడానికి పట్టు వదలాల్సి వస్తే ఆ తుపాకీ నీది కాదు. బారెల్ అయిదున్నర నుంచి ఏడున్నర అంగుళాల మధ్య చాలు. పొడుగు బారెల్‌కి సైట్ల మధ్య దూరం పెరిగి గురి తేలికవుతుంది, పొట్టిది నడుముకి కట్టుకుని నడవడానికి సుఖం. ఆరున్నర నాకు కుదిరింది.

సెకండ్ హ్యాండ్ అయితే, ఖాళీ అని మీ కళ్ళతో మీరే చూసుకుని, హ్యామర్ మెల్లగా లాగండి. అది పూర్తిగా లేచేసరికి సిలిండర్ గట్టిగా లాక్ అవ్వాలి, ప్రతి గదికీ అంతే. తర్వాత సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపితే లొడలొడలాడకూడదు. సిలిండర్‌కీ బారెల్‌కీ మధ్య సందు మరీ ఎక్కువగా ఉంటే వదిలెయ్యండి. ఆ సందులోంచే కాల్చినప్పుడు వేడి గ్యాస్ కత్తిలా బయటికి వస్తుంది, ఎడమచేతి వేళ్ళు ఎప్పుడూ సిలిండర్ ముందుకి పోకూడదు.

ఎంత దూరంలో కొట్టొచ్చు అన్నది తుపాకీ చెప్పదు, పేపర్ ప్లేట్ చెబుతుంది. ఇంట్లో టిఫిన్‌కి వాడే ఎనిమిది అంగుళాల ప్లేటు చెట్టుకి కట్టి, బల్ల మీద ఆనించి కాదు, అడవిలో ఎలా కూర్చుంటారో అలా కూర్చుని కాల్చండి. ఆరుకి ఆరూ ప్లేట్లో పడే దూరమే మీ దూరం. నాది ఇప్పటికీ యాభై గజాలే. అరవై గజాల్లో మంచి కొమ్ముల మగజింక నిలబడితే చూసి ఆనందించి వచ్చేస్తాను. మాగ్నమ్ శబ్దానికి ఒక్కసారితోనే వినికిడి దెబ్బతినొచ్చు, అడవిలో కూడా చెవులకి రక్షణ లేకుండా ఒక్కటి కూడా కాల్చొద్దు. తుపాకీ ఇంటికి రాకముందే సేఫ్ ఇంట్లో ఉండాలి, తూటాలకి వేరే తాళం.

ఇంకో సంగతి మర్చిపోయేవాణ్ణి. రేంజ్‌కి తీసుకెళ్ళే బ్యాగు దానికే ఉంచండి, ఇండియా ప్రయాణంలో ఆ బ్యాగు గానీ ఆ జాకెట్టు గానీ వద్దు. జేబు మూలలో ఒక్క .22 తూటా మిగిలిపోయినా అక్కడి ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద పట్టుకుంటారు, పెళ్ళికని వెళ్ళి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. అక్కడ వేట కబుర్లు కూడా గొప్పగా చెప్పకండి, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దేశంలో వేట నేరం, అది సరైనదే అని నేను అనుకుంటాను. ఇక్కడ జింకల సంఖ్య లెక్క చూసి సీజన్లూ పరిమితులూ పెడతారు, మన అడవుల పరిస్థితి అది కాదు.

పెద్దోడా, వచ్చే రెండో శనివారం పొద్దున ఏడింటికి రా. సింగిల్ సిక్స్, అయిదు వందల తూటాలు, పేపర్ ప్లేట్లు నా దగ్గర ఉన్నాయి, చెవులకి కళ్ళకి పెట్టుకునేవి నువ్వు తెచ్చుకో. అమ్మడూ, నువ్వూ రా, బల్ల వెనక కూర్చుని అన్న ముందు సైట్ కదులుతోందో లేదో చూసి చెప్పడం నీ పని. పెద్దమ్మ ఇడ్లీలు కట్టిస్తానంది.

మీ పెదనాన్న