దూరవిద్య, ఆన్‌లైన్ పాఠాలు: మన దగ్గర వినిపించే అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో ఒక స్టడీ సెంటర్‌లో డిగ్రీ వాళ్లకు ఎకనామిక్స్ చెప్తాను. నా విద్యార్థులకు పొద్దంతా వేరే పని ఉంటుంది. భూపాలపల్లి గనుల్లో షిఫ్టులు చేసేవాళ్లు, ఏనుమాముల మార్కెట్లో గుమస్తాలు, అంగన్‌వాడీ టీచర్లు, పిల్లలు బడికి పోయాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లులు. ఫోన్లోకి పాఠం వచ్చాక వీళ్ల చదువు మీద కొత్త అపోహలు పుట్టాయి, పాతవి అలాగే ఉన్నాయి. నేను ఎక్కువగా వినేవాటి గురించి రాస్తున్నాను.

అపోహ: మంచి వీడియో ఉంటే చాలు, సార్‌తో పనిలేదు.

విద్యార్థులతో పాటు తోటి అధ్యాపకులు కూడా చాలామంది ఇదే నమ్ముతారు. గంట పాఠం రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టేస్తే తమ పని అయిపోయిందనుకుంటారు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో వీడియోలు చూసిన తీరును పరిశోధకులు లెక్కగట్టి 2014లో ప్రచురించారు. దాదాపు 69 లక్షల వీక్షణలను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడవున్నా చూసే సమయం మధ్యస్థంగా 6 నిమిషాలు దాటలేదు. పది గంటలు పనిచేసి వచ్చిన మనిషి గంటసేపు ఫోన్ వైపు చూస్తూ కూర్చుంటాడని మనం ఎట్లా ఆశిస్తాం?

వీడియో పూర్తిగా చూసినవాళ్లకైనా పాఠం వచ్చేసిందని చెప్పలేం. 2006లో రోడిగర్, కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం గురించి నా ప్రతి కొత్త బ్యాచ్‌కీ చెప్తాను. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, మూసేసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే మూసేసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన పరీక్షలు నెలల తర్వాత వస్తాయి కాబట్టి ఏ పద్ధతి పట్టుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. అయిదారు నిమిషాల వీడియో చూడండి, ఫోన్ బోర్లా పెట్టండి, తెల్లకాగితం మీద గుర్తున్నది రాయండి. తర్వాతే రెండో వీడియో.

అపోహ: అసైన్‌మెంట్ మార్కుల కోసమే, ఎవరిదో చూసి రాసినా ఒకటే.

ఈ అపోహ నన్ను అన్నింటికంటే ఎక్కువ బాధపెడుతుంది. క్లాసులో ఎదురుగా కూర్చున్న పిల్లల మొహం చూస్తే అర్థమైందో లేదో తెలిసిపోతుంది. దూరవిద్యలో నాకు ఆ మొహం కనిపించదు, వాళ్లు రాసిన కాగితం ఒక్కటే కనిపిస్తుంది. అందులోనూ పుస్తకంలోని వాక్యాలే ఉంటే ఆ మనిషి నాకు అందనట్టే.

డిమాండ్ సూత్రం రాయమంటే ఒక బ్యాచ్‌లో అందరూ ఒకటే రాశారు: ‘ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు ధర పెరిగితే డిమాండ్ తగ్గుతుంది.’ తప్పేం లేదు. కానీ అందరి కామాలు కూడా ఒకే చోట ఉన్నాయి. ఆ కాగితాలు తిప్పి పంపి కింద ఒక ప్రశ్న రాశాను: చపాటా మిర్చి ధర పెరిగితే మీ ఇంట్లో ఏం చేస్తారు, ఉప్పు ధర అంతే పెరిగితే ఏం చేస్తారు? నర్సంపేట వైపు ఊరినుంచి ఒకామె వాయిస్ మెసేజ్ పెట్టింది. ‘చపాటా పిరమైతే వేరే రకం మిర్చి తీసుకుంటం సార్. ఉప్పు పిరమైనా తినుడు తగ్గదు గదా.’ ఆ రెండు మాటల్లో ప్రత్యామ్నాయ వస్తువూ (ఒకదానికి బదులు కొనేది) ఉంది, అవ్యాకోచ డిమాండూ (ధర పెరిగినా పెద్దగా తగ్గనిది) ఉంది. ‘నువ్వు చెప్పిన మొదటి మాటకు పుస్తకంలో ఈ పేరు, రెండో మాటకు ఈ పేరు’ అని జవాబు పంపాను. పరీక్షలో ఆమె ఆ ఉదాహరణలతోనే రాసింది.

దిద్దే వాళ్లకూ ఒక మాట. మార్కు వేసి సంతకం పెట్టిన కాగితం విద్యార్థికి ఏమీ నేర్పదు. ఎక్కడ తప్పిందో ఒక్క వాక్యం రాయండి, అదీ వారంలోపు. మూడు నెలల తర్వాత అందిన వ్యాఖ్యను ఎవరూ చదవరు.

అపోహ: స్మార్ట్‌ఫోన్, 4జీ లేకపోతే దూరవిద్య కుదరదు.

ఏటూరునాగారం, తాడ్వాయి అడవి పల్లెల్లో సిగ్నల్ కష్టాలు నిజమే. అయితే 1975-76లోనే సైట్ అనే టీవీ బోధన ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు టీవీ పాఠాలు అందాయి. వాటిలో మన అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. 2020 సెప్టెంబరు 1 నుంచి మన బడిపిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-సాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. స్వయంప్రభ డీటీహెచ్ చానళ్లూ ఉన్నాయి. లెక్క కూడా చూడండి: 64 కేబీపీఎస్‌తో రికార్డు చేసిన గంట ఆడియో 30 ఎంబీలోపే, గంట వీడియోకు మాత్రం వందల ఎంబీలు. అందుకే నేను ముఖ్యమైన పాఠాలు ఆడియోలో కూడా పంపుతాను. పత్తి ఏరుతూ వినేవాళ్లున్నారు. అచ్చు పుస్తకం ఎలాగూ చేతిలో ఉంటుంది. టీవీలోనూ ఆడియోలోనూ లేనిది ఒక్కటే: తిరిగి ప్రశ్న అడిగే వీలు. దానికి మామూలు ఫోన్ కాల్ సరిపోతుంది.

అపోహ: వాట్సాప్ గ్రూపు ఉంది, కాంటాక్ట్ క్లాసుకు (స్టడీ సెంటర్‌లో ఎదురుగా కూర్చుని వినే క్లాసు) రాకపోయినా నడుస్తుంది.

గ్రూపులో పీడీఎఫ్‌లు, ఫీజు తేదీలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు కలిసిపోయి ప్రశ్న ఎక్కడో అడుగున పడిపోతుంది. నోటీసులకు గ్రూపు మంచిదే. సందేహాలు మాత్రం క్లాసుకు తెచ్చుకోండి. క్లాసు చెప్పే కౌన్సెలర్లు కూడా అక్కడ పాఠం మొదటినుంచి చదివి వినిపించకుండా, ఆ సందేహాలతోనే మొదలుపెట్టాలి.

అపోహ: దూరవిద్య డిగ్రీకి విలువ లేదు.

‘సార్, గిది చదివితే నౌకరీకి పనికొస్తదా?’ అని ప్రతి ఏడూ అడుగుతారు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే మొదలైంది. ఇప్పుడు అది అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి ఉమ్మడి కరీంనగర్ జిల్లా బిడ్డ. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) మొదలైతే దానికీ ఆయనే తొలి వైస్ చాన్సలర్. ఇక విలువ సంగతి: గుర్తింపు ఉన్న సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది.

మోసం జరిగేది గుర్తింపు దగ్గర. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా, పీహెచ్‌డీలను దూరవిద్యలో అనుమతించరు. 2025లో సైకాలజీ, మైక్రోబయాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్ లాంటివి కూడా ఆపేశారు. ఇవి ఇప్పిస్తామని ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్లు చెప్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఏ సంస్థకు, ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరానికి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఆ మూడూ సరిపోలాకే ఫీజు కట్టండి. అడ్మిషన్‌కు డెబ్ ఐడీ (ఆ దూరవిద్యా విభాగం ఇచ్చే గుర్తింపు నంబరు) కావాలి, అది ఏబీసీ ఐడీతో (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా నంబరు) వస్తుంది. రెండింటినీ మీ ఫోన్ నంబరుతో మీరే చేసుకోండి, ఓటీపీ ఎవరి చేతికీ ఇవ్వకండి.