దెబ్బా, జబ్బా? మెదడు చుట్టూ రక్తస్రావానికి కోడ్ వెనుక కథ

కేస్ షీట్‌లో 'సబ్‌డ్యూరల్ హెమరేజ్' (మెదడు పైపొర కింద రక్తస్రావం) అని రాసి, దెబ్బ తగిలిందో లేదో రాయకపోతే వైద్యం ఏమీ ఆగదు. చిక్కంతా ఆ కాగితం మెడికల్ రికార్డ్స్ విభాగానికి చేరాక మొదలవుతుంది. జబ్బులకూ గాయాలకూ కోడ్‌లు ఇచ్చే ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ఐసీడీ-10 ప్రకారం అక్కడ రెండే దారులు. దెబ్బ వల్ల అయితే ఎస్06.5, గాయాల అధ్యాయం. దెబ్బ లేకపోతే ఐ62.0, గుండె, రక్తనాళాల జబ్బుల అధ్యాయం. డాక్టర్ ఏమీ తేల్చకపోతే పుస్తకం సూచికే తేల్చేస్తుంది. 'హెమరేజ్' అని ఉంటే జబ్బు వైపు, 'హెమటోమా' (చేరిన రక్తపు గడ్డ) అని ఉంటే దెబ్బ వైపు తోసేస్తుంది. డాక్టర్లు మాత్రం ఈ రెండు మాటలనూ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు.

దెబ్బా, జబ్బా అన్న తగువు కోడ్‌ల కంటే పాతది. తలకు దెబ్బ తగిలిన వారాల తర్వాత మెదడు పైపొర కింద బయటపడే పాత రక్తాన్ని 1857లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పొరల వాపు అన్నాడు. అంటే జబ్బు ఖాతాలో వేశాడు. అంతటివాడు చెప్పాక కాదనేవాళ్లు తక్కువ. 1914లో లండన్ సర్జన్ విల్‌ఫ్రెడ్ ట్రాటర్ అది దెబ్బేనని వాదించాడు. మెదడు నుంచి పైపొర దాకా సాగే సన్నని సిరలు చిన్న కుదుపుకే తెగి, రక్తం నెమ్మదిగా చేరుతుందన్నది ఆయన వివరణ. వయసు మీద పడ్డాక మెదడు కుంచించుకుపోయి ఆ సిరలు బిగుసుకుపోతాయి. అందుకే ముసలివాళ్లలో గుర్తు కూడా ఉండని దెబ్బ చాలు.

ఉద్దానం నుంచి డెబ్బై ఏళ్ల పెద్దాయనను శ్రీకాకుళం తెచ్చారనుకుందాం. మాట తడబడుతోంది, కాలు ఈడుస్తున్నాడు. సీటీలో పొర కింద నెలవంకలా నల్లటి చార. అంటే పాత రక్తం. "ఎక్కడైనా పడ్డారా?" అని డ్యూటీ డాక్టర్ అడిగితే "నేదు బాబూ, ఏటీ పడనేదు" అంటాడు కొడుకు. ఇంకాసేపు ఓపిగ్గా అడిగితే కోడలికి గుర్తొస్తుంది. నెల కిందట జీడితోటలో కాలు జారాడట, బొప్పి కట్టిందట, పసుపు రాసి ఊరుకున్నారట. ఆ ఇంకాసేపు అడగడం జరిగితే ఒక కోడ్, జరగకపోతే ఇంకో కోడ్. పైగా ఆయన డయాలసిస్ మీద ఉన్నవాడైతే, ఉద్దానంలో అది అరుదైన సంగతేం కాదు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ కూడా లెక్కలోకి వస్తుంది. అప్పుడు ఎన్18 అనే కిడ్నీ కోడ్ కూడా పక్కన చేరాలి. దెబ్బ చిన్నది, రక్తస్రావం పెద్దది ఎందుకయిందో ఆ జత కోడ్ చెబుతుంది.

కోడ్‌ల చరిత్ర నిజానికి చావుల లెక్కతో మొదలైంది. 1893లో ఫ్రెంచి గణాంక నిపుణుడు జాక్ బెర్టిలాన్ మరణ కారణాల జాబితా తయారుచేశాడు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చిన ఆరో సవరణలోనే బతికున్న రోగుల జబ్బులకూ చోటు దక్కింది. గాయానికి ఒక కోడ్, ఆ గాయం ఎలా అయిందో చెప్పడానికి వేరే కోడ్ అన్న పద్ధతీ ఉంది. ఇప్పుడు చెట్టు మీంచి పడితే డబ్ల్యూ14, మోటార్‌సైకిల్ మీద పోతూ పడితే వి20 నుంచి వి29 లోపు. కొబ్బరిచెట్లూ, పదహారో నంబర్ హైవే మీద బైకులూ ఉన్న జిల్లాలకు ఈ రెండూ బాగా అక్కరకొచ్చేవే. ఆసుపత్రుల్లో ఎక్కువగా వదిలేసేవీ ఇవే.

1971లో లండన్‌లో మొదటి రోగికి సీటీ తీశాక రక్తం ఎక్కడుందో కళ్లారా చూడటం మొదలైంది. అంతకుముందు వెన్నులో సూది గుచ్చి నీరు ఎర్రగా వచ్చిందా అని చూసేవారు. అయినా ఎందుకు కారిందన్నది సీటీ ప్రతిసారీ చెప్పదు.

మన దగ్గర ఈ కాగితాలకు డబ్బుతో ముడి పడింది ఆరోగ్యశ్రీతో. 2007 ఏప్రిల్ 1న పథకం మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆరోగ్యమిత్ర, ముందస్తు అనుమతి, స్కాన్ అప్‌లోడ్ అన్నవి జనానికి అప్పుడే పరిచయమయ్యాయి. కాగితం క్రమశిక్షణ కచ్చితంగా పెరిగింది. కానీ ప్యాకేజీ కోడ్ ఏ ఆపరేషన్ చేశారో చెబుతుంది, రక్తం ఎందుకు కారిందో చెప్పదు. క్లెయిమ్ పాసైతే చాలన్న అలవాటు అక్కడే స్థిరపడిందని నా అభిప్రాయం.

అసలు దెబ్బ మరణ ధ్రువీకరణలో తగులుతుంది. 1969 జనన మరణాల నమోదు చట్టం సెక్షన్ 10 కింద ఆసుపత్రి మరణ కారణం రాసే ఫారం 4 నింపాలి. ఒకటో భాగంలో పై లైన్‌లో చివరి క్షణపు కారణం, దాని కింద దానికి దారితీసింది, అట్టడుగున అసలు మూలం. చాలామంది పై లైన్‌లో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' అని రాసి చేయి దులుపుకుంటారు. చనిపోయిన ప్రతివాడికీ గుండె ఆగుతుంది, అది కారణం ఎలా అవుతుంది? పలాసలో చూపించి, శ్రీకాకుళం పంపి, అక్కడి నుంచి విశాఖ కేజీహెచ్‌కి తరలించిన మనిషి అక్కడ పోతే, పడిన సంగతి మొదటి రిఫరల్ చీటీలో ఉంటేనే చివరి ఫారంలోకి వస్తుంది. స్టేషన్ చుట్టూ తిరగడం ఎందుకని ఇంటివాళ్లు ఎంఎల్‌సీ (పోలీసులకు తెలిపే మెడికో లీగల్ కేసు) వద్దంటే ఆ దారీ మూసుకుపోతుంది. 2015లో వచ్చిన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలు కట్టే మనిషి ప్రమాదంలో పోతే 2 లక్షలు వస్తాయి. కాగితంలో స్ట్రోక్, అంటే మెదడు రక్తనాళాల జబ్బు, అని ఉంటే రావు.

2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో స్ట్రోక్ నాడీ వ్యవస్థ అధ్యాయానికి మారింది. దెబ్బ వల్ల కాని సబ్‌డ్యూరల్ రక్తస్రావం 8బి02 అయింది. దెబ్బ వల్ల అయినది ఇప్పటికీ గాయాల అధ్యాయంలోనే ఉంది. పుస్తకం మారినా కేస్ షీట్‌లో అడగాల్సిన ప్రశ్న మారలేదు. 2023లో మొదలైన విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థులు రేపు హౌస్ సర్జన్లుగా రాయబోయేవి ఈ షీట్లే.

జనన మరణాల చట్టానికి 2023లో చేసిన సవరణతో మరణ కారణ ధ్రువీకరణ కాపీ దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. అది చేతికి అందాక చూడాల్సింది ఒకటో భాగంలో అన్నిటికంటే కింద రాసిన లైన్. పడిన సంగతి అక్కడ లేకపోతే, రిఫరల్ చీటీ, సీటీ రిపోర్టు పట్టుకుని అదే ఆసుపత్రిలో అడగాలి. నమోదైపోయిన వివరాన్ని సరిచేయడానికి అదే చట్టంలో సెక్షన్ 15 ఉంది.