రాత్రి సరుకు విమానాల పైలట్ల పనివేళలు

చిరంజీవులకు ఆశీస్సులు.

అర్ధరాత్రి మీనంబాక్కంలోని చెన్నై విమానాశ్రయంలో దిగే విమానాలన్నిటిలోనూ ప్రయాణికులు ఉంటారా అని అడిగారు కదా. కొన్నిటిలో పార్సిళ్లే ఉంటాయి. మన చెన్నై కేంద్రంగా ఉన్న బ్లూడార్ట్ ఏవియేషన్ అలాంటి సరుకు విమాన సంస్థే. సాయంత్రం దాకా దుకాణాల్లో, ఆఫీసుల్లో పోగైన సరుకు తెల్లారేసరికి మరో నగరంలో ఉండాలంటే రాత్రే ప్రయాణం చేయాలి.

అమెరికాలో దీనికి ఇంకో అంచె ఉంది. ఫెడెక్స్ అనే పార్సిల్ సంస్థ పెద్ద విమానాలు నగరాలకు చేర్చిన సరుకును చిన్న ఊళ్లకు అందించేవి ఫీడర్ విమానాలు. వాటిలో ఎక్కువగా కనిపించే సెస్నా కారవాన్‌కు ఒకటే ఇంజను, తరచుగా పైలట్ కూడా ఒక్కరే. ఆయన తెల్లవారుజామున బయలుదేరి, సరుకు దించి, పగలంతా ఆ ఊళ్లోనే గడిపి, సాయంత్రం అక్కడి పార్సిళ్లతో తిరిగి వస్తారు.

గాలిలో ఉన్నది రెండు మూడు గంటలే కావచ్చు గానీ, ఆ లెక్క చూసి ఇది తేలికైన ఉద్యోగమని అనుకోకండి. రాత్రి రెండు నుంచి ఆరు గంటల మధ్య మన శరీరం నిద్ర కోసం గట్టిగా పట్టుబడుతుంది, ఒంటి వేడి తగ్గుతుంది, చురుకుదనం మందగిస్తుంది; పగలు పడుకుందామంటే వెలుతురు, వీధి శబ్దాలు, శరీరంలోని గడియారం కలిసి ఆ నిద్రను మధ్యలోనే తెంపేస్తాయి. సెలవు రోజుల్లో భార్యాపిల్లలతో గడపడానికి పగటి జీవితంలోకి మళ్లి, మళ్లీ రాత్రి డ్యూటీకి మారడం నా దృష్టిలో అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే శరీరం ఏ వేళకూ పూర్తిగా అలవాటు పడదు.

అందుకే పనివేళల నియమాల్లో ఎన్ని గంటలన్నదే కాక, ఏ గంటలన్నదీ చూడాలి. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ 2024 జనవరిలో నియమాలను సవరించి, పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది, రాత్రి డ్యూటీలో ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించింది. అమెరికాలో 2014 జనవరిలో అమలైన నియమాలు డ్యూటీ మొదలయ్యే వేళను బట్టి పరిమితులు పెట్టాయి, కానీ సరుకు విమానాలను మినహాయించాయి. ఇది నాకు ఏమాత్రం న్యాయంగా తోచదు. వెనుక సీట్లలో మనుషులున్నా, పెట్టెలున్నా పైలట్‌కు వచ్చే నిద్ర ఒకటే, విమానం కింద ఉండే ఊళ్లూ అవే.

ఇట్లు,
మీ తాతయ్య,
పల్లావరం, చెన్నై.