ఇల్లు బూడిదై చెట్టు పచ్చగా నిలిచిందంటే: నగరాల కార్చిచ్చుపై అపోహలు - వాస్తవాలు

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పరిసరాల్లో పాలిసేడ్స్, ఈటన్ కార్చిచ్చులు రేగి 16 వేలకు పైగా కట్టడాలను కాల్చివేసిన నాటి నుంచి, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు నాగర్‌కర్నూల్ జిల్లాలో అగ్నిమాపక ఉద్యోగినైన నాకు ఫోన్‌లో ఒక వీడియో చూపించి ఒకే మాట అడుగుతున్నారు: "సార్, ఇండ్లు బూడిదైనయి, పక్కన చెట్లు పచ్చగనే ఉన్నయి. పైనుంచి ఏదో కిరణం ఏసిండ్రంటున్నరు, నిజమేనా?" 2023 ఆగస్టులో హవాయిలోని లహైనా కాలినప్పుడూ ఇదే పుకారు తిరిగింది. బిడ్డ క్షేమం కోసం తల్లడిల్లే వారిని నేను తప్పుపట్టను. ఆ వీడియోను ఊరూరా తిప్పేవారి మీద మాత్రం నాకు ఓపిక లేదు.

ఈ పుకారుకు అసలు మూలం, కార్చిచ్చు మంటల గోడలా వచ్చి ఇళ్లను మింగుతుందన్న అపోహ. నిజానికి ఎక్కువ ఇళ్లను అంటించేది గాలికి ఎగిరివచ్చే నిప్పురవ్వలు. పెనుగాలిలో అవి మంట కంటే కిలోమీటరు, అంతకు మించి ముందుకు వెళ్లి పడి, అటక కింది గాలి రంధ్రాల్లో దూరి, చూరు వెంబడి ఉండే వాననీటి తొట్లలోని ఎండుటాకుల్ని, గోడకు ఆనించిన కట్టెల్ని అంటిస్తాయి. పచ్చి చెట్టులో నీరుంటుంది కాబట్టి అది తట్టుకుంటుంది. ఇల్లు గంటల తరబడి కాలి, ఆ సెగతో, ఆ రవ్వలతో పక్కింటిని అంటిస్తుంది. అలాంటి వీడియోల్లో చూపే కారు చక్రాల రిమ్ములు కరగడమూ వింత కాదు, అవి ఎక్కువగా అల్యూమినియంతో చేసినవే, అది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది.

అచ్చంపేట వైపు ఒక ఊళ్లో, చేనులో పత్తికట్టె కాలుస్తుండగా గాలి లేచి, ఒక రవ్వ తెరిచి ఉన్న కిటికీలోంచి ముందు గదిలో పోసిన పత్తి మీద పడింది. మేము వెళ్లేసరికి ఇంటి కప్పు కూలిపోయింది, వాకిట్లోని వేపచెట్టుకు ఇంటివైపు కొమ్మలు వాడాయే తప్ప మిగతా చెట్టు పచ్చగానే ఉంది.

మంటల గోడే వస్తుందనుకున్నవారు మన చేతిలో ఏముందని ఊరుకుంటారు. రవ్వ వస్తుందని తెలిసినవారు ఇంటి చుట్టూ 5 అడుగుల మేర కాలే వస్తువేదీ లేకుండా చూసుకుని, రంధ్రాలకు సన్నని ఇనుప జాలి బిగిస్తారు. దూరాన ఉన్న మీ పిల్లలకు మీరు పంపవలసింది ఈ మాట, ఆ వీడియో కాదు.

ప్రతి కార్చిచ్చూ ఎవరో కావాలని పెట్టినదే అనుకోవడమూ తప్పే. 2018 నవంబరులో కాలిఫోర్నియాలోని ప్యారడైజ్ పట్టణాన్ని కాల్చి 85 మందిని బలిగొన్న మంట కరెంటు లైను నుంచి పుట్టింది. ఇక లాస్ ఏంజెలెస్‌లో మంటలార్పే వీధి పంపుల్లో (హైడ్రెంట్లలో) నీళ్లు అయిపోవడం కుట్ర అన్న మాటా నిజం కాదు. ఊరి నీటి వ్యవస్థను ఏ నాలుగైదు ఇళ్ల మంటలకో కడతారు గానీ, ఒకేసారి వందల ఇళ్లకు కాదు.

మంట ఆరితే గండం గడిచిందనుకోవడం మరో పొరపాటు. ప్యారడైజ్‌లో మంటల తర్వాత నీటి గొట్టాల్లో క్యాన్సర్ తెచ్చే బెంజీన్ అనే రసాయనం బయటపడింది. ఈటన్ మంటల్లో కాలిన ఆల్టడీనాలో ఇల్లు దక్కిన కొడుక్కి నీళ్లు కాచి తాగమని చెప్పానని ఒక తల్లి నాతో అన్నారు. కాస్తే బెంజీన్ పోదమ్మా, ఆవిరై వంటింటి గాలిలో కలుస్తుందని చెప్పాను. ఆమె అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేసి, పరీక్ష చేసి మంచివని అధికారులు చెప్పేదాకా సీసా నీళ్లే తాగమన్నారు.