బాగా చదివే పిల్లకేం కష్టం అనుకుంటున్నారా? బడి సిబ్బంది శిక్షణలో వినిపించే అపోహలు, వాస్తవాలు

కర్నూలు జిల్లాలో ఆదోని, కోసిగి, కౌతాళం వైపు బడుల్లో సిబ్బందికి శిక్షణ ఇస్తుంటాను. కష్టంలో ఉన్న పిల్లల్ని ముందే గుర్తుపట్టడం, సాయం దొరికే చోటికి చేర్చడం ఎలాగన్నదే ఆ శిక్షణ. ఏ మండలానికి వెళ్లినా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. అన్నీ పిల్లల మంచి కోరి అనే మాటలే. కానీ అవే చాలామంది పిల్లలకు సాయం అందకుండా అడ్డుపడుతున్నాయి.

అపోహ: అల్లరి చేసేవాళ్లు, చదువులో వెనకబడ్డవాళ్లే ప్రమాదంలో ఉంటారు.

అల్లరి పిల్లవాడి మీద ఎలాగూ అందరి కళ్లూ ఉంటాయి. ఫస్ట్ వచ్చే అమ్మాయి వారం రోజులుగా మధ్యాహ్నం అన్నం వదిలేస్తోందంటే మాత్రం ఎవరూ అడగరు. మార్కులు బాగున్నాయి కదా అనుకుంటారు. నేను చూడమనేది మార్పును. గలగలా మాట్లాడే పిల్లవాడు ముభావంగా అయిపోవడం, రోజూ కలిసి కూర్చునే స్నేహితుల్ని వదిలి మూలకు చేరడం, క్లాసులో నిద్ర, మండే ఎండలో కూడా గాయాలు దాచుకోవడానికన్నట్టు చేతుల నిండా చొక్కా, ఇష్టంగా దాచుకున్నవి ఇతరులకు ఇచ్చేయడం, ‘నేను లేకపోతే అందరికీ మంచిది’ లాంటి మాటలు. వీటిలో ఏదో ఒకటి కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. రెండు మూడు కలిసి కనిపించినా, కొన్నాళ్లుగా సాగుతున్నా ఆ పిల్లతో కూర్చుని మాట్లాడాలి. చావు మాట వినిపిస్తే మాత్రం ఆ రోజే మాట్లాడాలి, రేపటికి వాయిదా వేయకూడదు.

మా వైపు ఇంకో ముఖ్యమైన ఆధారం హాజరు పట్టీ. దసరా, దీపావళి దాటాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, కదులుతాయి. గుంటూరు వైపు మిరప, పత్తి పనులకు పోతారు. కొందరు పిల్లలు అమ్మానాన్నల వెంట వెళ్తారు, కొందరు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. అలా ఉండిపోయిన పెద్దపిల్ల పొద్దున్నే లేచి తమ్ముళ్లకు వండిపెట్టి, అవ్వకు మందులిచ్చి బడికి రావాలి. ఆలస్యంగా వస్తే మనం గేటు దగ్గర నిలబెడతాం! ఎనిమిదో తొమ్మిదో చదివే అమ్మాయి అయితే, ‘వెంట తీసుకెళ్లలేం, ఒంటరిగా వదల్లేం’ అని ఇంట్లో పెళ్లి మాట కూడా మొదలవుతుంది. అందుకే సుగ్గికి ముందే ఏ ఇంటివాళ్లు వెళ్తున్నారో, పిల్లలు ఎవరి దగ్గర ఉంటారో రాసి పెట్టుకోమంటాను. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్, ఆడపిల్లలు ఉండి చదువుకునే కేజీబీవీ (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం) గురించి తల్లిదండ్రులతో మాట్లాడాల్సింది అప్పుడే. పద్దెనిమిదేళ్లు నిండని అమ్మాయికి పెళ్లి కుదిరిందని తెలిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. శుభలేఖ చేతికొచ్చేదాకా ఆగకూడదు.

అపోహ: చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే, లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

శిక్షణలో ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. అడిగినందువల్ల ఆత్మహత్య ఆలోచనలు పెరగవని చాలా పరిశోధనలు తేల్చాయి. లోపల ఆ ఆలోచన ఉన్న పిల్లకు, ఒక పెద్దమనిషి భయపడకుండా అడగడమే కొంత ఊరట.

ఎలా అడగాలన్నదే అసలు విషయం. అందరికీ కనిపించే చోటే, కానీ మాటలు వినిపించనంత దూరంలో కూర్చోండి. ముందు మీరు చూసింది చెప్పండి: ‘ఏమ్మా, పది రోజుల నుంచి చూస్తున్నా, సరిగ్గా తినడం లేదు, ఎవరితోనూ కలవడం లేదు. నాకు దిగులుగా ఉంది. ఏం జరుగుతోంది?’ తర్వాత ఆగండి. ఆ మౌనాన్ని భరించడం టీచర్లకు చాలా కష్టం. వెంటనే సలహాతో నింపేస్తారు. ‘మీ అమ్మానాన్న నీకోసం ఎంత కష్టపడుతున్నారో తెలుసా?’ అన్నది అందులో మొదటిది. సుగ్గికి వెళ్లిన ఇంటి పిల్లకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. ఆ బరువు కిందే నలుగుతోంది. ఇంకాస్త వేయకండి.

ఆశ వదులుకున్న మాటలు వినిపిస్తే సూటిగా అడగండి: ‘ఇంత బాధలో కొందరికి చచ్చిపోవాలని కూడా అనిపిస్తుంది. నీకు అలా అనిపించిందా?’ ‘పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని అడిగితే ‘లేదు సార్’ అనే వస్తుంది. మనకు కావలసిన జవాబు ప్రశ్నలోనే చెప్పేశాం మరి. ఈ వాక్యాన్ని ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి పైకి అనిపిస్తాను. మొదటిసారి చాలామందికి గొంతు పెగలదు. పిల్ల ముందు పెగలాలంటే ఇక్కడ అలవాటు కావాలి.

‘అవును’ అంటే ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, ఒంటరిగా ఇంటికి పంపొద్దు. ఇంటివాళ్లను పిలిపించి, పొలం మందులు, మాత్రలు అందకుండా తాళం వేసి పెట్టమని స్పష్టంగా చెప్పండి. పిల్ల పక్కనుండగానే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: అదంతా అటెన్షన్ కోసం.

కావచ్చు. అటెన్షన్ కోసం తనను తాను గాయపరచుకునేదాకా వచ్చిన పిల్లకు అటెన్షన్ అవసరమే కదా, ఇవ్వండి.

అపోహ: ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, చెప్తే నమ్మకద్రోహం.

ఆ ఒట్టు వేయకండి. ‘నీకు ప్రమాదం లేని మాటైతే నా దగ్గరే ఉంటుంది. ప్రమాదం ఉంటే, సాయం చేయగలిగిన ఒకరిద్దరికే చెప్తాను. ఎవరికో ముందు నీకే చెప్తాను’ అనండి. పిల్లలు దీన్ని బాగానే అర్థం చేసుకుంటారు.

లైంగిక వేధింపుల విషయంలో చెప్పాలా వద్దా అనే ప్రశ్నే లేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు తెలియజేసి తీరాలి. దాస్తే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు ఉండొచ్చు. సంస్థ బాధ్యుల విషయంలో అది ఏడాది వరకు. ‘బడి పరువు పోతుంది, ఊళ్లో పెద్దమనుషులతో మాట్లాడదాం’ అనే మాటకు ఇక్కడ చోటు లేదు. పిల్ల చెప్పింది చెప్పినట్టు తేదీతో రాసుకోండి. అదే మాట హెచ్‌ఎం ముందు ఒకసారి, మేడమ్‌ల ముందు ఒకసారి చెప్పించొద్దు. కీడు ఇంట్లోనే జరుగుతోందంటే మొదటి ఫోన్ ఇంటికి కాదు, 1098కి.

అపోహ: ఇదంతా టీచర్లు చూసుకోవాల్సింది.

మధ్యాహ్నం ఎవరు కంచం ముట్టలేదో వంట చేసే అక్కలకు తెలుసు. బాత్‌రూమ్‌లో ఎవరు ఏడుస్తున్నారో ఆయమ్మకు తెలుసు. గంట కొట్టినా ఇంటికి పోవడానికి భయపడుతూ గేటు దగ్గర తచ్చాడే పిల్లను వాచ్‌మన్ చూస్తాడు. వీళ్లెవరినీ శిక్షణకు పిలవరు. నేను పిలవమని పట్టుబడతాను, ముందు వరుసలో కూర్చోబెడతాను. చూసింది ఎవరితో చెప్పాలో ఒక పేరు తెలిస్తే చాలు, వాళ్లు తప్పకుండా చెప్తారు.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్పాయి. బోధన సిబ్బందితో పాటు బోధనేతర సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. అంతకంటే చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవాలి.

అపోహ: రెండు దెబ్బలు పడితే దారిలోకి వస్తాడు.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. పైగా దెబ్బ తిన్న పిల్లవాడు రేపు నిజంగా కష్టం వస్తే మీ దగ్గరికి రాడు.

అపోహ: ఆసుపత్రికి పంపేశాం, ఇక మన పని అయిపోయింది.

పంపిన రోజు నుంచే అసలు పని. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కానీ కోసిగి నుంచి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. రెండోసారి వెళ్లారో లేదో తల్లిని అడగాలి. వెళ్లకపోతే ఎందుకో కనుక్కోవాలి. పిల్ల తిరిగి బడికి వచ్చిన రోజు ‘వచ్చావా, కూర్చో’ అని మామూలుగా పలకరించాలి. స్టాఫ్ రూమ్‌లో ఆమె గురించి చర్చ పెట్టకూడదు. తప్పిపోయిన పాఠాలకు కాస్త గడువివ్వాలి. రోజూ ఒకే మనిషి, రెండు నిమిషాలైనా సరే, ఎలా ఉన్నావని అడగాలి. ఆ మనిషి సెలవు పెడితే ఎవరు అడగాలో కూడా ముందే అనుకోవాలి.